డ్యూటీ ఎక్కడం, పనిలోకి దిగడం: పనికి వెళ్ళే మాటల్లో ఇంగ్లీషు, తెలుగు

సారాంశం

పనికి బయలుదేరడం, పనిచోటు చేరడం, పని మొదలుపెట్టడం అనే మూడు దశలను నిత్య వ్యవహారంలో ఇంగ్లీషు ఏ మాటలతో చెబుతుందో, ఆ మాటలు తెలుగువాళ్ళ నోట ఏ రూపం తీసుకుంటాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇంగ్లీషులో ఈ భేదాలను ఎక్కువగా చిన్న చిన్న అవ్యయాలు మోస్తాయి. తెలుగులో క్రియలు, విభక్తులు మోస్తాయి. తెలుగువారి ఇంగ్లీషులో వినిపించే 'తప్పుల్లో' చాలా వాటికి మూలం తెలుగు వ్యాకరణంలోని క్రమమేనని, ఆ క్రమాన్ని విడమరిచి చూపితే ఇంగ్లీషు పలుకుబడి సులువుగా పట్టుబడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలక పదాలు: వృత్తి పదజాలం, అన్యదేశ్యాలు, నుడికారం, డ్యూటీ, వర్క్, భాషాబోధన

1. ప్రవేశిక

'పనిలోకి దిగాడు' అంటే పని మొదలుపెట్టాడని. 'డ్యూటీ దిగాడు' అంటే పని ముగించాడని. క్రియ ఒక్కటే, అర్థాలు ఎదురుబొదురు. తెలుగు ఇంటిభాషగా ఉన్నవాళ్ళెవరూ ఈ రెండింటి దగ్గర తడబడరు. చదువు రాని వాళ్ళు కూడా తడబడరు. ఆ మనిషే ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చినప్పుడు 'గెట్ డౌన్' అనాలా, 'గెట్ ఆఫ్' అనాలా అని ఆగిపోతాడు. ఆ ఆగడంలో భాషాశాస్త్రానికి పనికొచ్చే సంగతి ఉంది.

పనిముట్ల పేర్లు, వృత్తుల మాటలు సేకరించే సంప్రదాయం తెలుగులో బలంగానే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో తెచ్చింది. తరువాతి సంపుటాల్లో చేనేత వంటి వృత్తులు వచ్చాయి. నాగలి, మగ్గం పేర్లకు దక్కిన ఆ శ్రద్ధ షిఫ్టుకూ మస్టరుకూ కూడా దక్కాలి. గత 150 ఏళ్ళలో తెలుగువాడి పని పొలం నుంచి గనికి, రైలుకు, మిల్లుకు, ఆఫీసుకు మారింది. ఆ మార్పును నమోదు చేసిన మాటలు మన నోళ్ళలోనే ఉన్నాయి.

ఈ పరిశీలనకు ఆధారం వ్యవహార వాక్యాలు. ఉదాహరణలుగా ఇచ్చినవన్నీ బస్టాండుల్లో, ఆఫీసుల్లో, ఫోను సంభాషణల్లో, తరగతి గదుల్లో ఎవరికైనా వినిపించేవే. ఇంగ్లీషు పలుకుబడులను తెలుగు లిపిలోనే చూపాను.

2. గడప దాటడం: బయలుదేరు, స్టార్ట్, లీవ్

ఫోనులో 'స్టార్ట్ అయ్యావా?' అని అడిగితే తెలుగులో దానికి అర్థం ఒక్కటే, ఇంట్లోంచి బయలుదేరావా అని. ఇక్కడ 'స్టార్ట్' అన్నది 'బయలుదేరు' క్రియకు బదులుగా కూర్చుంది. తెలుగు అరువు తెచ్చుకున్న క్రియకు 'అవు' చేరిస్తే అకర్మకం, 'చేయు' చేరిస్తే సకర్మకం. అందుకే 'స్టార్ట్ అయ్యాను' అంటే నేను కదిలాను, 'స్టార్ట్ చేశాను' అంటే పనినో బండినో కదిలించాను. ఇంత స్పష్టమైన విభజన ఇంగ్లీషులో లేదు. అక్కడ 'స్టార్ట్' ఒంటరిగానే రెండు పనులూ చేస్తుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. 'ఐ హావ్ స్టార్టెడ్' అని తెలుగు ఉద్యోగి దారిలోంచి చెబితే, అవతల అమెరికాలో ఉన్న సహోద్యోగి అతను పని మొదలుపెట్టేశాడనుకుంటాడు. ఇతను ఇంకా ఆటోలోనే ఉంటాడు. బయలుదేరడానికి నేటి ఇంగ్లీషులో వాడుక మాటలు వేరే ఉన్నాయి. 'ఐ హావ్ లెఫ్ట్ హోమ్', 'ఐయామ్ ఆన్ మై వే', 'ఐయామ్ హెడింగ్ టు వర్క్', 'ఐయామ్ ఆఫ్ టు వర్క్'. రోజువారీ అలవాటు చెప్పాలంటే 'ఐ లీవ్ ఫర్ వర్క్ ఎట్ ఎయిట్'.

అయితే మన 'స్టార్ట్' ఊరికే పుట్టినది కాదు. 19వ శతాబ్దపు ఇంగ్లీషులో ఫలానా ఊరికి 'స్టార్ట్' అయ్యాడనడం, అంటే ప్రయాణం కట్టాడనడం, మామూలు వాడుక. ఆ కాలపు ఇంగ్లీషు మన దేశానికి కచేరీల ద్వారా, రైళ్ళ ద్వారా, బడిపుస్తకాల ద్వారా వచ్చింది. అక్కడ ఆ అర్థం పలచబడింది. ఇక్కడ 'బయలుదేరు' ఆసరాతో నిలబడింది. కాబట్టి దీన్ని తప్పని కొట్టేయడం కన్నా, పాత వాడుక మన దగ్గర బతికి ఉందనీ, ఈనాటి శ్రోతకు మరో మాట కావాలనీ చెప్పడం న్యాయం.

బయలుదేరే వేళకు మర్యాదలు కూడా ఉంటాయి. తెలుగు ఇంట్లో పనికి వెళ్ళేవాడు 'వెళ్తాను' అనడు, 'వెళ్ళొస్తాను' అంటాడు. తిరిగి రావడాన్ని మాటలోనే కట్టేసి కదులుతాడు. ఇదే దక్షిణాది ఇంగ్లీషులో 'ఐ విల్ గో అండ్ కమ్' అయింది. గడప దాటుతున్న మనిషిని 'ఎక్కడికి?' అని అడగకూడదని పెద్దలంటారు. అడగాల్సి వస్తే 'ఎందాక?' అంటారు. ఇంగ్లీషులో ఈ జాగ్రత్త మరో రూపంలో కనిపిస్తుంది. పొద్దున్నే ఎదురైన పొరుగువాడు 'ఆఫ్ టు వర్క్?' అంటాడు. గమ్యాన్ని తానే ఊహించి చెప్పి ఔననడానికి వీలిస్తాడు. రెండూ పలకరింపులే. దేనికీ పూర్తి జవాబు ఎవరూ ఆశించరు. ఈ సంగతి తెలియని విద్యార్థి ఆ పలకరింపుకు తన రోజంతా ఏకరువు పెడతాడు, లేదా ఏం చెప్పాలో తోచక ఊరుకుంటాడు.

3. వర్క్‌కు ముందు ఏమీ లేదు, ఆఫీసుకు ముందు ఉంది

'గో టు వర్క్' లో 'వర్క్' ముందు ఆర్టికల్ రాదు. 'గో టు స్కూల్', 'గో టు చర్చ్', 'గో టు బెడ్' ఈ కోవలోవే. ఇక్కడ నామం ఒక కట్టడాన్ని చెప్పదు, అక్కడ జరిగే వ్యవహారాన్ని చెబుతుంది. బడికి చదువుకోవడానికి వెళ్తే 'టు స్కూల్'. బడి గోడకు సున్నం వేయడానికి వెళ్తే 'టు ద స్కూల్'. 'ఆఫీస్', 'బ్యాంక్', 'ఫ్యాక్టరీ' ఈ కోవలో చేరలేదు. వాటి ముందు 'ద' వంటి ఏదో ఒక మాట కావాలి.

తెలుగులో ఆర్టికల్ లేదు. పనికి, బడికి, ఆఫీసుకి, పొలానికి అన్నింటికీ ఒకటే 'కి'. అందువల్ల తెలుగు విద్యార్థి 'గోయింగ్ టు వర్క్' అన్నప్పుడు శ్రమ లేకుండా సరిగా అంటాడు. అదే న్యాయంతో 'గోయింగ్ టు ఆఫీస్' అంటాడు, అక్కడ తప్పుతాడు. తర్కం మాత్రం తప్పలేదు. ఆఫీసు అనేది తెలుగువాడికి బడి లాంటి వ్యవస్థే, ఫలానా భవనం కాదు. ఇంగ్లీషు 'స్కూల్' కు ఇచ్చిన మినహాయింపును అతను 'ఆఫీస్' కు కూడా ఇచ్చాడు, అంతే. భారతీయ ఇంగ్లీషులో ఈ వాడుక ఎంత స్థిరపడిందంటే ఇక్కడి వాళ్ళెవరికీ అది చెవికి తగలదు.

ఇంటి దగ్గర ఈ తర్కం ఎదురు తిరుగుతుంది. 'ఇంటికి' లో 'కి' ఉంది కనుక 'గో టు హోమ్' అని నోటికొస్తుంది. ఇంగ్లీషులో 'గో హోమ్' చాలు. 'హోమ్' అక్కడ 'ఇంటివైపు' అనే అర్థమిచ్చే క్రియావిశేషణం. కాబట్టి రోజూ పొద్దున సాయంత్రం చేసే ప్రయాణంలో మూడు నియమాలు అమరుతాయి: 'టు వర్క్', 'టు ది ఆఫీస్', ఏమీ లేకుండా 'హోమ్'. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒక వాక్యంలో నేర్పితే గుర్తుంటాయి. విడివిడి పాఠాల్లో ఆర్టికల్ సూత్రాలుగా బట్టీ పట్టిస్తే గుర్తుండవు.

'వర్క్' తో మరో ఇబ్బంది ఉంది. తెలుగు 'పని' కి బహువచనముంది. ఒక పని ఉంది, బోలెడు పనులున్నాయి అంటాం. దాంతో 'ఐ హావ్ ఎ వర్క్', 'ఐ హావ్ సో మెనీ వర్క్స్' పుడతాయి. శ్రమ అనే అర్థంలో ఇంగ్లీషు 'వర్క్' లెక్కకు అందని నామం, నీటిలా, బియ్యంలా. లెక్కపెట్టాల్సి వస్తే 'జాబ్' అనో 'టాస్క్' అనో అనాలి, లేదా 'సమ్ వర్క్' అని సరిపెట్టుకోవాలి. 'జాబ్' పాత అర్థం కూడా ఇక్కడ సాయపడుతుంది. 16వ శతాబ్దంలో ఆ మాటకు ఒక ముక్క పని, విడిగా చేసి పారేసే పని అని అర్థం. జీతమిచ్చే కొలువు అన్న అర్థం తరువాత వచ్చింది. ముక్క కనుకనే దాన్ని లెక్కపెట్టవచ్చు.

కాలరూపాల దగ్గర కూడా ఇంటిభాషే పైకి వస్తుంది. 'బ్యాంకులో పనిచేస్తున్నాను' అన్న తెలుగు వాక్యం ఈ క్షణపు పనినీ చెబుతుంది, పదేళ్ళ ఉద్యోగాన్నీ చెబుతుంది. దాన్ని 'ఐయామ్ వర్కింగ్ ఇన్ ఎ బ్యాంక్' అన్నప్పుడు ఇంగ్లీషు శ్రోతకు అది తాత్కాలికమేమో అనిపిస్తుంది. స్థిరమైన కొలువుకు 'ఐ వర్క్ ఇన్ ఎ బ్యాంక్' అంటారు. 'ఉద్యోగం చేస్తున్నాను' నుంచి పుట్టిన 'ఐయామ్ డూయింగ్ జాబ్' సంగతీ ఇదే. ఇంగ్లీషులో ఉద్యోగాన్ని 'చేయరు', 'కలిగి ఉంటారు': 'ఐ హావ్ ఎ జాబ్'.

4. చేరడం: గెట్ టు, జాయిన్, రిపోర్ట్

ఈ పరిశీలనలో అన్నిటికన్నా మెలిక ఉన్న పలుకుబడి 'గెట్ టు వర్క్'. 'ఐ గెట్ టు వర్క్ ఎట్ నైన్' అంటే తొమ్మిదింటికి పనిచోటు చేరతానని. 'లెట్స్ గెట్ టు వర్క్' అంటే ఇక పని మొదలుపెడదామని. రెండు వాక్యాల్లోనూ మూడు మాటలూ అవే, అదే వరుస. భేదం సందర్భంలో ఉంది, 'వర్క్' ఒకచోట స్థలం, మరోచోట చేసే పని. తెలుగులో ఈ రెండూ కలిసే అవకాశమే లేదు. మొదటిది 'చేరతాను', రెండోది 'మొదలుపెడదాం'. కాబట్టి తెలుగు విద్యార్థికి ఈ పలుకుబడిని ఒకే అర్థంతో నేర్పడం అన్యాయం. గడియారంలో వేళ పక్కన ఉంటే చేరడం, ఆజ్ఞగానో ప్రోత్సాహంగానో వస్తే మొదలుపెట్టడం అని గుర్తు చెప్పాలి.

కొత్త ఉద్యోగంలో ప్రవేశించడానికి తెలుగులో 'చేరు' ఉంది. పనిలో చేరాడు, బడిలో చేరాడు, ఆసుపత్రిలో చేరాడు. 'జాయిన్ అయ్యాడు' ఈ మూడు చోట్లా 'చేరు' స్థానంలో వచ్చి కూర్చుంది. పైగా సర్కారీ కాగితాల్లో 'జాయినింగ్ రిపోర్ట్' ఉంది. బదిలీ మీద వచ్చిన టీచరు దాన్ని ఇవ్వకపోతే ఆ నెల జీతం కదలదు. అందుకే 'జాయిన్' కు మన దగ్గర అంత బరువు. ఇంగ్లండులో, అమెరికాలో కొత్త ఉద్యోగిని అడిగే ప్రశ్న 'వెన్ డూ యూ స్టార్ట్?'. అక్కడ సంస్థలో 'జాయిన్' అవుతారు, ఉద్యోగాన్ని 'స్టార్ట్' చేస్తారు. మన 'స్టార్ట్' ఇల్లు వదలడానికి ఖర్చయిపోయింది కనుక, కొలువు మొదలవడానికి 'జాయిన్' ను నియమించుకున్నాం. చూస్తే ఇందులో ఒక పొందిక ఉంది. ఒక మాట జరిగితే పక్కమాట ఆ ఖాళీలోకి జరిగింది.

'రిపోర్ట్ చేయడం' పోలీసు, సైన్యం, రైల్వేల నుంచి వచ్చింది. 'ఛార్జి తీసుకోవడం' కచేరీల నుంచి వచ్చింది. వీటికి పత్రికలు సంస్కృత పదాలతో ప్రతిరూపాలు కట్టాయి: విధుల్లో చేరారు, విధులకు హాజరయ్యారు, బాధ్యతలు స్వీకరించారు. రాతలో ఇవి గంభీరంగా నిలిచాయి. మాటలో నిలవలేదు. పొద్దున్నే చెప్పులేసుకుంటూ 'విధులకు వెళ్ళొస్తా' అన్న మనిషిని ఎవరూ చూసి ఉండరు. 'విధి' కి తలరాత అనే మరో అర్థం జనం నోట్లో బలంగా ఉండడం ఇందుకు ఒక కారణం కావచ్చు. హాజరు, నాగా మాత్రం ఉర్దూ ద్వారా వచ్చి మాటలోనూ పాతుకుపోయాయి. కూలీ 'రెండు రోజులు నాగా పెట్టాను' అంటే, పని మానడం, ఆ రోజు కూలి పోవడం రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఇంగ్లీషు 'కాల్ ఇన్ సిక్' లో యజమానికి కబురు చెప్పడం ముఖ్యం. 'నాగా' లో కబురు ప్రసక్తి లేదు, గైర్హాజరే ముఖ్యం. రోజుకూలికీ నెలజీతానికీ మధ్య ఉన్న దూరం ఈ రెండు మాటల మధ్య దూరం.

5. గడియారం కన్న మాటలు

ఇంగ్లీషులో పని మొదలవడానికి ఉన్న మాటల్లో ఒక పెద్ద గుంపు గడియారం చుట్టూ తిరుగుతుంది. 'క్లాక్ ఇన్', 'క్లాక్ ఆన్', 'పంచ్ ఇన్', 'నైన్ టు ఫైవ్'. ఇవి ఫ్యాక్టరీ వ్యవస్థ కన్న పిల్లలు. చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, పనిని పనితోనే కొలిచే సమాజం గడియారంతో కొలిచే సమాజంగా ఎలా మారిందో వివరించాడు. ఇంగ్లండులో జొసయా వెడ్జ్‌వుడ్ 1769లో ప్రారంభించిన ఎట్రూరియా కుండల ఫ్యాక్టరీలో గంట కొట్టి కార్మికులను పిలవడం, ఎవరు ఎప్పుడొచ్చారో నమోదు చేయడం ఉండేవని ఆ వ్యాసం చూపిస్తుంది. గడియారం కొనుక్కోలేని కార్మికులను లేపడమే ఇంగ్లండు పారిశ్రామిక పట్టణాల్లో కొందరికి బతుకుతెరువుగా ఉండేది. పొడవాటి కర్రతో కిటికీ తట్టి లేపే వాళ్ళను 'నాకర్ అప్' అనేవారు.

19వ శతాబ్దం చివరికి యంత్రం వచ్చింది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన విలార్డ్ బండీ కార్మికుల రాకపోకల వేళను ముద్రించే గడియారాన్ని రూపొందించాడు. దాని తయారీకి 1889లో కంపెనీ ఏర్పడింది. అలాంటి కంపెనీలు కలిసి 1911లో ఒక పెద్ద సంస్థలో భాగమయ్యాయి. ఆ సంస్థే 1924లో ఐబీఎం అని పేరు మార్చుకుంది. తరువాత వచ్చిన, కార్డు మీద వేళ గుద్దే యంత్రాల నుంచి అమెరికా వాడుకలో 'పంచ్ ఇన్' నిలబడింది, బ్రిటిష్ వాడుకలో 'క్లాక్ ఇన్', 'క్లాక్ ఆన్' నిలబడ్డాయి. ఇప్పుడు కార్డు పోయి వేలిముద్ర వచ్చింది. తెలుగు ఉద్యోగి దాన్ని 'పంచ్ కొట్టాను' అంటాడు, 'థంబ్ వేశాను' అంటాడు. సంతకం కొట్టినట్టు పంచ్ కొట్టాడు, నిశానీ వేసినట్టు థంబ్ వేశాడు. యంత్రం ఎక్కడిదైనా క్రియ మన ఊరిదే.

'కమ్యూట్' కథ రైలుది. లాటిన్ మూలంలో ఆ మాటకు ఒకదానికి బదులు మరొకటి మార్చడమని అర్థం. 19వ శతాబ్దం మధ్యలో అమెరికా రైల్వేలు రోజూ ప్రయాణించేవాళ్ళకు విడి టికెట్లకు బదులు తగ్గింపు ధరకు ఒకే టికెట్ ఇచ్చాయి. అలా మార్చిన టికెట్ కొన్నవాడు 'కమ్యూటర్' అయ్యాడు, అతని ప్రయాణం 'కమ్యూట్' అయింది. తెలుగులో దీనికి సరితూగే మాట ఏదని వెతికితే, అది కూడా రైలు పట్టాల మీదే దొరుకుతుంది. 'వరంగల్ నుంచి హైదరాబాదుకు రోజూ అప్ అండ్ డౌన్ చేస్తున్నాడు' అంటాం. రైల్వేలో అప్, డౌన్ అనేవి దిశల పేర్లు. బ్రిటిష్ పద్ధతిలో ప్రధాన నగరం వైపు వెళ్ళేది అప్, బయటికి వచ్చేది డౌన్. స్టేషను ప్రకటనల్లో విన్న ఆ రెండు మాటలనూ కలిపి తెలుగువాళ్ళు ఒక క్రియ చేసుకున్నారు. సీజన్ టికెట్ అమెరికాలోనూ ఇక్కడా ఒకే అవసరం నుంచి పుట్టింది. దాని చుట్టూ పుట్టిన మాటలు మాత్రం వేరు. బయటి ఇంగ్లీషు శ్రోతకు 'అప్ అండ్ డౌన్' అర్థం కాదు, 'ఐ కమ్యూట్ ఫ్రమ్ వరంగల్' అర్థమవుతుంది. ఈ సంగతి చెప్పేటప్పుడు మన మాటను చిన్నబుచ్చాల్సిన పని లేదు.

'షిఫ్ట్' పాత ఇంగ్లీషులో భాగించడం, అమర్చడం అనే అర్థమున్న మాట. రోజును ముక్కలు చేసి మనుషులను పంచడం గనులు, మిల్లుల అవసరం. తెలుగు నేలలో దీనికి మంచి ఉదాహరణ సింగరేణి బొగ్గు గనులు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉనికిని గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో ఆ గనుల కంపెనీ సింగరేణి పేరు తీసుకుంది. ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు అనే మూడు మాటల చుట్టూ ఆ ఊళ్ళలో వంట, నిద్ర, పెళ్ళి చూపులు కూడా సర్దుకున్నాయి. అక్కడి కార్మికుడికి 'మస్టర్ పడితే'నే ఆ రోజు లెక్కలోకి వస్తుంది. 'మస్టర్' లాటిన్‌లో చూపించడం అనే క్రియ నుంచి వచ్చి, సైనికులను వరసలో నిలబెట్టి లెక్కచూడడంగా మారిన మాట. గనుల్లో, మున్సిపాలిటీ పారిశుద్ధ్య పనుల్లో, 2005 చట్టంతో వచ్చిన ఉపాధి హామీ పనుల్లో అది తెలుగు కూలీల నిత్యవ్యవహారంలోకి చేరింది. మనిషి తాను వచ్చానని చూపించుకోవడమే దాని మూలార్థం. ఎండలో నిలబడి తన పేరు పిలిచేదాకా చూసే కూలీకి ఆ అర్థం నిఘంటువు చెప్పనక్కర్లేదు.

6. ఎక్కడం, దిగడం, పడడం

ఇక మొదట్లో చెప్పిన 'దిగు' దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులో 'ఆన్ డ్యూటీ', 'ఆఫ్ డ్యూటీ' అనేవి పోలీసు, నర్సు, సైనికుడు, కాపలాదారు వంటి వాళ్ళకే ఎక్కువగా వర్తిస్తాయి. గుమాస్తా 'ఎట్ వర్క్' ఉంటాడు. తెలుగులో 'డ్యూటీ' అందరిదీ అయింది. బస్సు కండక్టరు, మిల్లు కార్మికుడు, ఊడ్చే మనిషి, డాక్టరు అందరూ డ్యూటీకే వెళ్తారు. వేళ పట్టింపు ఉన్న పని ఇక్కడికి మొదట రైలు, పోలీసు, గని రూపంలో వచ్చింది కనుక, వేళ పట్టింపు ఉన్న ప్రతి పనికీ ఆ పేరే స్థిరపడిందని భావించవచ్చు. 'డ్యూటీ' మాట 'డ్యూ' తో ఒకే వేరు నుంచి వచ్చింది. చెల్లించాల్సిన బాకీ అని దాని తొలి భావం.

ఈ డ్యూటీకి తెలుగు మూడు క్రియలు కట్టింది. డ్యూటీ ఎక్కుతారు, డ్యూటీ దిగుతారు, డ్యూటీ పడుతుంది. టీచరు 'నాకు ఎలక్షన్ డ్యూటీ పడింది' అంటారు. వాన పడినట్టు, భారం మీద పడినట్టు. మస్టర్ పడడం కూడా ఈ వాక్యనిర్మాణమే. మనిషి ఇక్కడ కర్త కాదు, పని వచ్చి అతని మీద వాలింది. ఇంగ్లీషులో 'ఐ హావ్ బీన్ పుట్ ఆన్ ఎలక్షన్ డ్యూటీ' అంటారు. అక్కడ కర్మణి వాక్యం చేసే పనిని ఇక్కడ 'పడు' ఒక్కటే చేస్తుంది.

ఎక్కు, దిగు అన్నవి రెండు దిక్కుల నుంచి వచ్చాయి. ఒకటి బండి. డ్రైవరు, గార్డు నిజంగానే ఎక్కి పనిలోకి వెళ్తారు, దిగి ఇంటికి వస్తారు. రెండోది ఆసనం. గద్దెనెక్కాడు, గద్దె దిగాడు అనే వాడుక తెలుగులో ముందు నుంచీ ఉంది. బండి అయినా గద్దె అయినా, డ్యూటీ ఒక ఎత్తు. దాని మీద ఉన్నంతసేపు మనిషికి ఒక హోదా, ఒక కట్టుబాటు ఉంటాయి.

'పని' ఎత్తు కాదు, లోతు. పనిలోకి దిగుతాం, రంగంలోకి దిగుతాం, బరిలోకి దిగుతాం. నాట్లకు మడిలోకి దిగినట్టు, పూడిక తీయడానికి బావిలోకి దిగినట్టు. తెలుగువాడి తొలి పనిచోట్లు కిందే ఉన్నాయి. 'దిగు' కు అక్కడ మొదలవడమని అర్థం వచ్చింది. సింగరేణి కార్మికుడి వాడుకలో ఈ రెండు లోకాలూ కలుస్తాయి. అతను డ్యూటీ ఎక్కి బాయిలోకి, అంటే గనిలోకి, దిగుతాడు. బాయి నుంచి పైకి వచ్చి డ్యూటీ దిగుతాడు. ఒళ్ళు దిగినప్పుడు హోదా ఎక్కింది, ఒళ్ళు ఎక్కినప్పుడు హోదా దిగింది. ఇందులో వైరుధ్యం ఆ కార్మికుడికి కనిపించదు, ఎందుకంటే వ్యాకరణం రెండింటినీ వేర్వేరు అరల్లో పెట్టింది: 'లోకి' ఉంటే ఆరంభం, లేకుంటే విరామం.

ఇంగ్లీషు కూడా ఇదే మెట్ల మీద నడవడం విశేషం. పనిలో నిమగ్నం కావడం 'గెట్ డౌన్ టు వర్క్'. పని ముగించుకుని బయటపడడం 'గెట్ ఆఫ్ వర్క్', 'కమ్ ఆఫ్ డ్యూటీ'. బస్సు దిగడానికి అక్కడ 'గెట్ ఆఫ్' అంటారు. అంటే బస్సునూ డ్యూటీనీ ఒకే మాటతో దిగుతారు, పనిలోకి వేరే మాటతో దిగుతారు. తెలుగు 'దిగు' లో కలిసి ఉన్న రెండు అర్థాలను ఇంగ్లీషు 'డౌన్', 'ఆఫ్' అని రెండుగా పంచుకుంది. మన ఇంగ్లీషులో బస్సు 'గెట్ డౌన్' అవడానికి కారణం ఈ పంపకం తెలియకపోవడమే. 'దిగు' కు 'డౌన్' అని ఒకటే జత నేర్చుకున్నవాడు బస్సుకూ దాన్నే వాడతాడు. 'లోకి దిగితే డౌన్ టు, మీద నుంచి దిగితే ఆఫ్' అని ఒక్క ముక్క చెబితే బస్సు, డ్యూటీ, పని మూడూ ఒకేసారి సరిపడతాయి.

7. బోధనకు సూచనలు

పల్లెల నుంచి వచ్చి మొదటి ఉద్యోగం కోసం ఇంటర్వ్యూ గది ముందు కూర్చునే పిల్లలకు ఈ మాటలే పరీక్ష. 'టెల్ మీ అబౌట్ యువర్ డే' అన్న ప్రశ్నకు జవాబు మొత్తం బయలుదేరడం, చేరడం, మొదలుపెట్టడంలోనే ఉంటుంది. అక్కడ తడబడ్డవాళ్ళకు ఇంగ్లీషు రాదన్న ముద్ర పడుతుంది. వాళ్ళు తడబడింది తెలివి లేక కాదని, ఒక భాషలోని నిండైన పటాన్ని మరో భాష మీద పరిచినందువల్లనని గురువులు గ్రహించాలి.

అందుకు మూడు సూచనలు. మొదటిది, పలుకుబడులను అక్షరక్రమంలో జాబితాలుగా ఇవ్వకుండా రోజు నడిచే వరుసలో నేర్పాలి: 'లీవ్ ఫర్ వర్క్', 'ఆన్ మై వే', 'గెట్ టు వర్క్', 'క్లాక్ ఇన్', 'గెట్ డౌన్ టు వర్క్', 'టేక్ ఎ బ్రేక్', 'గెట్ ఆఫ్ వర్క్', 'గో హోమ్'. రెండోది, ప్రతి దశలోనూ ముందు తెలుగు క్రియను పలికించి, దాని విభక్తిని గుర్తించాక ఇంగ్లీషు అవ్యయాన్ని చూపాలి. మూడోది, మన ఇంగ్లీషులో స్థిరపడ్డ రూపాలను, 'స్టార్ట్ అవడం', 'అప్ అండ్ డౌన్', 'డ్యూటీ' వంటివాటిని, తప్పుల పట్టికలో కాకుండా 'ఇక్కడి వాడుక, అక్కడి వాడుక' అని రెండు వరుసల్లో పెట్టాలి. ఇక్కడి వాడుక ఇక్కడ పనిచేస్తుంది. అక్కడికి మాట్లాడేటప్పుడు మాట మార్చుకోవాలి. ఊరు మారితే యాస సర్దుకోవడం మన వాళ్ళకు కొత్త కాదు.

8. ముగింపు

ఏరువాక పున్నమి నాడు ఎడ్లను కడిగి, నాగలికి పసుపు రాసి సాలు తోలినప్పుడు పని మొదలయ్యేది. అంగట్లో బోణీతో మొదలయ్యేది. అప్పుడు పని మొదలవడానికి రుతువూ ముహూర్తమూ తోడుండేవి. తరువాత సైరన్, మస్టర్, పంచ్, లాగిన్ వచ్చాయి. మాటలు మారాయి, వాటిని మోసే క్రియలు మారలేదు. ఎక్కు, దిగు, చేరు, పడు, కొట్టు, వేయు అనే పాత దేశ్య క్రియలే కొత్త పరాయి నామాలను భుజాన ఎత్తుకుని నడుస్తున్నాయి.

ఇంగ్లీషు పలుకుబడి నేర్చుకోవడానికి దారి ఈ క్రియల మీదుగానే ఉందని ఈ పరిశీలన తేలుస్తుంది. 'పనిలోకి దిగాడు', 'డ్యూటీ దిగాడు' అన్న రెండు వాక్యాల తేడా వివరించగలిగిన విద్యార్థికి 'గెట్ డౌన్ టు', 'గెట్ ఆఫ్' ల తేడా సగం తెలిసినట్టే. మిగతా సగం చెప్పడం గురువు పని. ఆ పనిలోకి దిగడానికి ముందు, ఎదుట కూర్చున్న పిల్లల భాషలో ఏముందో తెలుసుకోవడం ఆ గురువు తొలి బాధ్యత.